విత్తొకటి, మొక్కయొకటి

“విత్తొకటి నాటిన చెట్టొకటి మొలచునా?” అని మన సామెత. మొలవదనియే దాని భావము. మనుష్యుడు మాట తప్పవచ్చును గాని మన్ను మాట తప్పదను నమ్మకముమీద ఆ సామెత పుట్టినది. గుంటూరు, ప్రకాశము జిల్లాల నల్లరేగడి నేలలలో ఈ సామెత పలుమారులు పరీక్షకు గురియైనది. 2016వ సంవత్సరమున గుంటూరు జిల్లాలో మిరప మొక్కలు ఏపుగా ఎదిగియు కాపు పట్టకపోవుటచేత, తమకు నకిలీ విత్తనములు అంటగట్టినారని రైతులు ఆందోళనకు దిగిరి. ఇందులో మన్ను చేసిన తప్పేమియు లేదు. తన చేతి కిచ్చిన విత్తునే అది మొలిపించినది. మాట తప్పినది విత్తనమును అమ్మిన చేయి. చెడినది దానిని నమ్మిన చేయి.

ఇట్టి సందర్భములలో ఊరివారు పలుకు మాట నొకదానిని గమనింపవలెను. ఒకని యెద్దును రాత్రివేళ తోలుకొనిపోయినచో “దొంగలు తోలుకొనిపోయినారు” అందురు. ఆ వాక్యములో దొంగ కర్త. తెల్లవారకముందే పోలీసుఠాణాకు మనిషి పోవును. అదే యెకరమునకు లక్షరూపాయలకు మించి పెట్టుబడి పెట్టిన మిరపతోట నకిలీ విత్తనమువలన నాశనమైనచో “పాపము, మోసపోయినాడు” అందురు. ఈ వాక్యములో కర్త నష్టపడినవాడే. మోసగించినవాడు వాక్యములోనే లేడు. ఇక విచారణలో నెట్లుండును? ఎద్దుపోయిన నేరము, తోటపోయిన కర్మము అను ఈ భావమే మోసగానికి పెట్టుబడి. మోసము దురదృష్టము గాదనియు, దొంగతనమువలెనే శిక్షార్హమైన నేరమనియు బడిపిల్లవానికి తెలిసిననాడు గాని ఆ పెట్టుబడి తరుగదు.

పులియు కంకణమును

మోసమునకు చట్టము చెప్పు నిర్వచనము కఠినముగా తోచవచ్చును. కాని హితోపదేశమును చదివిన ప్రతి విద్యార్థికి ఆ నిర్వచనము కథారూపముగా ముందే తెలిసియున్నది. ముసలిపులి యొకటి చెరువుగట్టున కూర్చుండి బంగారు కంకణమును చూపి, తాను పూర్వపు క్రూరత్వమును విడిచి దానధర్మములు చేయుచున్నానని బాటసారిని నమ్మించినది. అతడు స్నానమునకు చెరువులో దిగి బురదలో కూరుకుపోయి దానికి ఆహారమైనాడు. ఈ కథలో నాలుగంశములున్నవి: అబద్ధమని యెరిగియు నిజమని నమ్మించుట, ఆ నమ్మకముచేత ఎదుటివానిని ఒక పనికి పురికొల్పుట, మొదటినుండియు దురుద్దేశము కలిగియుండుట, దానివలన అతనికి హాని కలుగుట. భారత శిక్షాస్మృతిలోని 415వ సెక్షను ఈ యంశములనే చట్టభాషలో కూర్చినది. ఆస్తిని అప్పగించునట్లు మోసగించుటకు 420వ సెక్షను ఏడేండ్లవరకు జైలుశిక్షను, జరిమానాను విధించినది. “ఫోర్ ట్వంటీ” యను మాట మన యిండ్లలో తిట్టుగాను, హాస్యముగాను వాడుకలోనికి వచ్చినది ఈ సెక్షను మూలముననే.

2024 జూలై 1వ తేదీనుండి శిక్షాస్మృతి స్థానమున భారతీయ న్యాయ సంహిత అమలులోనికి వచ్చినది. అందు మోసమునకు సంబంధించినది 318వ సెక్షను. సామాన్య మోసమునకు మూడేండ్లవరకు, తాను ఎవరి ప్రయోజనమును కాపాడుటకు చట్టరీత్యా గాని ఒడంబడికచే గాని బద్ధుడో వారినే మోసగించుటకు అయిదేండ్లవరకు, సొమ్మును లేక ఆస్తిని అప్పగించునట్లు చేయు మోసమునకు ఏడేండ్లవరకు శిక్షలు కలవు. మరియొకని వేషమున గాని పేరున గాని మోసగించుట 319వ సెక్షను క్రిందికి వచ్చును. అంకెలు మారినవి, నేరస్వరూపము మారలేదు.

1860 నాటి శిక్షాస్మృతి ఈ నిర్వచనముతోపాటు ఇచ్చిన యుదాహరణములు మన ప్రాంతమునకే వ్రాసినట్లుండును. ఒక వస్తువుపై దొంగముద్ర వేసి, అది పేరున్న తయారీదారుని సరుకని నమ్మించి అమ్మినవాడు మోసము చేసినవాడు. తప్పుడు మచ్చు చూపి సరుకు ఆ మచ్చునకు సరిపోవునని నమ్మించినవాడును మోసము చేసినవాడే. మూడవది నీలిమొక్కల ఉదాహరణము. ఇచ్చు ఉద్దేశము లేకయే నీలిమొక్కలు ఇచ్చెదనని బయానా పుచ్చుకొన్నవాడు మోసగాడు. పుచ్చుకొన్ననాడు ఇయ్యవలెనను ఉద్దేశము నిజముగానే ఉండి, తరువాత మాట తప్పినవాడు మాత్రము నేరస్థుడు గాడు. అతనిపై సివిలు దావా వేయవలసినదే. 2000వ సంవత్సరమున బీహారునుండి వచ్చిన యొక వ్యాజ్యములో సుప్రీంకోర్టు ఈ భేదమునే మరల స్పష్టపరచినది. ఒడంబడికను తప్పుట వేరు, మోసము వేరు. మొదటి క్షణముననే వంచనోద్దేశమున్నదా లేదా యనునదే గీటురాయి.

ఈ భేదమును మరచినచో రెండు విధముల అన్యాయము జరుగును. నిజమైన మోసగాడు “వ్యాపారములో నష్టము వచ్చినది” అని తప్పించుకొనును. నిజముగా నష్టపోయిన వర్తకుడు మోసగాడను నింద మోయును. పంట పోయిన ప్రతిచోటను మోసమే కారణమనుటయు తగదు. 1987-88లో ప్రకాశము, గుంటూరు జిల్లాల పత్తిచేలను తెల్లదోమ తుడిచిపెట్టినప్పుడు, అప్పుల భారముచే పలువురు రైతులు ప్రాణములు తీసికొనిరి. ఆ యుపద్రవమునకు మితిమీరి చల్లిన కొత్తరకపు పురుగుమందులు, ఒకే పంటను నమ్ముకొనుట, వర్షాభావము, అప్పు అన్నియు కారణములే. అందుచేత ముందు కారణమును నిర్ణయించి, పిమ్మట నేరమును నిర్ణయించుట న్యాయము.

మన మైదానములో మోసము తీరులు

ప్రకాశము జిల్లా 1970లో ఏర్పడి 1972లో టంగుటూరి ప్రకాశము పంతులుగారి పేరు పొందినది. 2022లో జరిగిన పునర్విభజనచే పల్నాడు, బాపట్ల జిల్లాలు వేరుపడినవి. జిల్లాల గీతలు ఎట్లు మారినను నరసరావుపేటనుండి పర్చూరువరకు నేల ఒకటే, పంటలు ఒకటే, మోసపు తీరులును ఒకటే.

మొదటిది విత్తనము. సంకరజాతి మిరప విత్తనము పదిగ్రాముల పొట్లములలో వచ్చును. అంత చిన్న పొట్లములో ఒక యేటి జీవనము ఇమిడియున్నది. ఇందు మోసము పలువిధములు: ధాన్యముగా వాడవలసిన గింజను విత్తనముగా అమ్ముట, గడువు తీరినదానికి కొత్త చీటీ అంటించుట, పేరున్న రకపు ముద్రతో వేరొక రకమును అమ్ముట. ఇపుడు పెక్కుమంది రైతులు విత్తనము కొనక, నర్సరీలనుండి నారునే కొనుచున్నారు. నారు కొన్నవానికి పొట్లమును చూచు అవకాశమే లేదు. నర్సరీల నమోదుకై 2010లో చట్టము వచ్చినను, రసీదు అడుగు అలవాటు దానివెంట రాలేదు. పత్తిలో మరియొక చిక్కు. కలుపుమందును తట్టుకొనునని చెప్పి, ప్రభుత్వామోదము పొందని విత్తనమును చాటుగా అమ్మువారు కలరు. కొనువానికి అది చట్టవిరుద్ధమని తెలిసియే యుండును గనుక, అది మొలవకపోయినను అతడు నోరు విప్పడు. కొనువానినికూడ తప్పులో భాగస్వామిని చేయుట మోసగాని నేర్పులలో కెల్ల పెద్దది.

రెండవది పురుగుమందు. 2021-22లో నల్లతామరపురుగు గుంటూరు మిరపతోటలను పట్టి పీడించినపుడు, ఏ మందునకును అది లొంగకపోవుటచే రైతులు దిక్కుతోచక పోయిరి. అట్టి సమయముననే “బయో మందులు” అను పేరుతో, లోపల నేమున్నదో చీటీపై చెప్పని సీసాలకు గిరాకీ పెరుగును. కంగారు ఉన్నచోట విచక్షణ ఉండదు. విచక్షణ లేనిచోట మోసమునకు ఎరువు వేయనక్కరలేదు.

మూడవది తూకము. ఇది బడిలో లెక్కగా చెప్పదగినది. మిరప క్వింటాలు ధర 15,000 రూపాయలనుకొందము. క్వింటాలుకు రెండు కిలోలు తక్కువగా తూచినచో నష్టము 300 రూపాయలు. ఎకరమునకు ఇరువది క్వింటాళ్ల దిగుబడి అనుకొన్నచో 6,000 రూపాయలు. ఇంటికి వచ్చి ఆరువేలు దొంగిలించినవానిని మనము కట్టివేయుదుము. కాటాదగ్గర అదే సొమ్ము తీసినవానికి సెలవని చెప్పి వచ్చుచున్నాము. 2009 నాటి తూనికలు కొలతల చట్టముక్రింద ఎలెక్ట్రానిక్ కాటాను ఏటేటా పరీక్షింపించి ముద్ర వేయించుకొనవలెను. ఆ ముద్రను చూపుమని అడుగుట కొనువాని హక్కు, అమ్మువాని హక్కు.

నాలుగవది ధర. 2025-26 పంటకాలమునకు పొడుగుపింజ పత్తికి కేంద్రప్రభుత్వము ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు. ఎనిమిది శాతము తేమవరకు పూర్తి ధర లభించును. పండ్రెండు శాతము మించినచో కొనరు. బయటి ధర మద్దతు ధరకంటె పడిపోయినపుడు, “మీ పత్తిలో తేమ హెచ్చు, కేంద్రములో తీసికొనరు” అని భయపెట్టి ఊరిలో చవుకగా కొని, దానినే రైతుల పేర్లమీద కేంద్రమునకు అమ్మజూచు దళారులు బయలుదేరుదురు. ఇందులకు తన పాసుపుస్తకమును అరువిచ్చిన రైతు, తెలియకయే తోటి రైతునకు ద్రోహము చేసినవాడగుచున్నాడు.

అయిదవది కల్తీ. 2003లో ఐరోపా సమాజము దిగుమతియగు మిరపకారములో సూడాన్-1 అను రంగు లేదని నిరూపించినగాని రానీయమని ఆంక్ష విధించినది. ఆ రంగు తినదగినది గాదు, పరిశ్రమలలో వాడునది. 2005 ఫిబ్రవరిలో బ్రిటను దేశమున, ఆ రంగు కలిసిన భారతదేశపు కారముతో చేసిన యొక పులుసు వందలకొలది ఆహారపదార్థములలో చేరినదని తేలి, వానినన్నిటిని అంగళ్లనుండి వెనుకకు తీసికొనవలసి వచ్చినది. ఎక్కడనో యొకడు కారమునకు ఎరుపు హెచ్చవలెనని కలిపిన చిటికెడు రంగు, రంగు కలుపనివారి పేరునకుకూడ మచ్చ తెచ్చినది. భౌగోళిక గుర్తింపు పొందిన గుంటూరు సన్నమునకు ఉన్న పేరు ఏ యొక్క వర్తకుని సొత్తును కాదు. తరతరముల రైతుల కష్టార్జితము. కల్తీ చేయువాడు తన ఖాతాదారుని మాత్రమే గాక, ఆ పేరు మోయుచున్న ప్రతి రైతును మోసగించుచున్నాడు.

ఆరవది డిపాజిట్టు. పంట చేతికి వచ్చి నాలుగు రూపాయలు మిగిలిననాడు మోసము వేరొక వేషమున వచ్చును. విజయవాడ కేంద్రముగా నడచిన అగ్రిగోల్డు సంస్థ ఇంటిస్థలమో, అధికముగా తిరిగివచ్చు సొమ్మో యని యాశ చూపి, సుమారు 32 లక్షల ఖాతాలద్వారా 6,380 కోట్ల రూపాయలు వసూలు చేసినదని దర్యాప్తు సంస్థల అభియోగము. చెల్లింపులు నిలిచిన పిమ్మట రాష్ట్రమంతటను గగ్గోలు పుట్టినది. 2019 నవంబరులో పదివేల రూపాయల లోపు కట్టిన చిన్న డిపాజిట్టుదారులకు ప్రభుత్వము సొమ్ము చెల్లించు కార్యక్రమము గుంటూరులోనే ప్రారంభమైనది. ఆ సాయము న్యాయమే. కాని ఆ సొమ్ము ప్రజల పన్నులది. ఒకరు చేసిన మోసమునకు అందరును మూల్యము చెల్లించిరన్నమాట. అట్టి సంస్థలలో సొమ్ము వసూలు చేసినవారు పరాయివారు గారు. ఆ యూరి యేజెంట్లు, బంధువులు, కొన్నిచోట్ల అక్షరములు నేర్పినవారు. సంస్థను నమ్మినవారికంటె మనిషిని నమ్మినవారే హెచ్చు.

న్యాయము చేరని కారణములు

చట్టమున్నది, శిక్షయున్నది, మరి మోసమేల తగ్గదు? నాకు తోచిన కారణములు నాలుగు.

మొదటిది కాలము. విత్తనము కొన్నది జూన్ జూలైలలో; మోసము బయటపడునది కార్తీక మార్గశిరములలో. ఆ నడుమ వాన, పురుగు, తెగులు, ఎరువు అన్నియు వచ్చిపోవును. అమ్మినవాడు “నీ సేద్యములో లోపము” అనును. కాదని చూపుటకు సాక్ష్యమేది? సాక్ష్యమైన విత్తనమును రైతు మట్టిలో కలిపినాడు. ఖాళీ పొట్లమును గాలి ఎగురగొట్టినది.

రెండవది అప్పు. పెక్కు గ్రామములలో విత్తనమిచ్చువాడు, పురుగుమందిచ్చువాడు, పెట్టుబడికి అప్పిచ్చువాడు, పంట కొనువాడు ఒక్కడే లేక ఒక్క జట్టే. అతనిపై ఫిర్యాదు చేసినచో మరుసటి యేడు విత్తనమెవరిత్తురు? కౌలురైతు పరిస్థితి మరింత దయనీయము. భూమి కాగితము అతని పేరున లేదు. రసీదుకూడ లేకపోయినచో అతడు సాగు చేసినాడనుటకే ఆధారముండదు. చెరువులో దిగిన బాటసారికి బురద ఎట్టిదో, మన రైతునకు అరువు ఖాతా అట్టిది.

మూడవది శిక్షయొక్క స్వల్పత్వము. మనుస్మృతి తొమ్మిదవ అధ్యాయమున విత్తనము కానిదానిని విత్తనమని అమ్మువానికి అంగచ్ఛేదమును శిక్షగా చెప్పినది. అట్టి క్రౌర్యమును నేడెవ్వరును కోరరు. కాని ఆ నేరము సామాన్యమైనది గాదని ఆనాటివారు గుర్తించిరనుట గమనింపదగినది. స్వతంత్ర భారతమున 1966లో వచ్చిన విత్తన చట్టము మొదటి తప్పునకు 500 రూపాయలవరకు జరిమానా విధించినది. అదే తప్పును మరల చేసినవానికి ఆరునెలలవరకు జైలు లేక 1,000 రూపాయలవరకు జరిమానా లేక రెండును. 2024-25లో బీటీ పత్తి రెండవ తరపు విత్తనమునకు కేంద్రము నిర్ణయించిన గరిష్ఠ ధర పొట్లమునకు 864 రూపాయలు. మొదటి తప్పునకు కట్టవలసిన జరిమానా పొట్లము ధరకైనను సరిపోలేదన్నమాట. 2004లో కొత్త బిల్లు పార్లమెంటు ముందునకు వచ్చి చట్టము కాలేదు. 2025 నవంబరులో మరల యొక ముసాయిదా ప్రజాభిప్రాయమునకై వెలువడినది. అందుచేతనే, ఎరిగి చేసిన వంచన కనబడినచోట విత్తన చట్టముతో సరిపెట్టక, మోసపు సెక్షనునుకూడ జోడింపుమని కోరుట అవసరము. జరిమానా వ్యాపారపు ఖర్చులలో కలిసిపోవును. జైలుశిక్షను ఏ పద్దులోను వ్రాసికొనుటకు వీలులేదు.

నాలుగవది సిగ్గు. మోసపోయితినని చెప్పుకొనుట తెలివితక్కువతనమును చాటుకొనుటయని మనవారి భావము. ఇందులకు సాహిత్యమునకును కొంత బాధ్యత కలదేమో. కన్యాశుల్కములోని గిరీశమును చూచి మనము శతాధిక వర్షములుగా నవ్వుచున్నాము. ఆ నవ్వు మహాకవి ప్రతిభకు గుర్తు. ఆయన ఆ నవ్వుమాటున దంభమునే దుయ్యబట్టినాడు. కాని పాఠకుడు నవ్వుతోనే ఆగిపోయినచో, మాటకారి మోసగాడు చతురుడుగాను, నమ్మినవాడు వెర్రివాడుగాను మిగిలిపోవును. మోసము మానవస్వభావములోని మంచిగుణమైన నమ్మకమును ఆధారము చేసికొని బ్రతుకును. నమ్మినవానిని పరిహసించు సమాజములో మోసగానికి సగము పని సమాజమే చేసిపెట్టును.

నివారణము

నివారణము కొనుటకు ముందే ప్రారంభము కావలెను. విత్తనపు పొట్లముపై చీటీని చదువుట మొదటి మెట్టు. ధ్రువీకృత విత్తనమునకు నీలిరంగు చీటీ, కంపెనీ తానే హామీయిచ్చు విత్తనమునకు లేత ఆకుపచ్చ చీటీ ఉండును. రకము పేరు, లాటు సంఖ్య, పరీక్షించిన తేదీ, గడువు, మొలకశాతము అందుండవలెను. మిరపకు కనీసము 60, సంకరజాతి పత్తికి 75 శాతము మొలకెత్తవలెనని ప్రమాణము. 1983 నాటి విత్తన నియంత్రణ ఉత్తర్వుప్రకారము ప్రతి డీలరు లైసెన్సు పొంది, నిల్వలను ధరలను బోర్డుపై వ్రాసి, నగదైనను అరువైనను బిల్లు ఇచ్చి తీరవలెను. అరువు తీసికొన్నవానికి బిల్లడుగు హక్కు లేదనుకొనుట పొరపాటు. అరువు బిల్లును ఆ ఉత్తర్వే పేర్కొన్నది. కౌలురైతు బిల్లును తన పేరుననే వ్రాయించుకొనవలెను.

విత్తిన పిమ్మట బిల్లు, ఖాళీ పొట్లము, దాని చీటీ, వీలైనచో చారెడు విత్తనము పంట ఇంటికి వచ్చువరకు దాచవలెను. పంటలో తేడా కనబడిన వెంటనే వ్యవసాయాధికారికి లిఖితపూర్వకముగా ఫిర్యాదు చేయవలెను. 1968 నాటి విత్తన నిబంధనలలోని 23-ఎ నిబంధన ప్రకారము, విత్తన దోషముచే పంట పోయినదని రైతు వ్రాసియిచ్చినచో, విత్తన ఇనస్పెక్టరు చీటీలను, పొట్లములను, మిగిలిన విత్తనపు మచ్చును తీసికొని కారణమును పరిశోధింపవలెను. ఇది అతని దయ గాదు, విధి.

విత్తనము మిగుల్చుకొననివాని గతి యేమి? ఈ ప్రశ్నకు మన తెలుగు రైతులే సుప్రీంకోర్టునుండి సమాధానము సాధించిరి. విత్తన దోషముచే నష్టపోయిన ఆంధ్రప్రదేశ్ రైతులు జాతీయ విత్తన సంస్థపై వేసిన వ్యాజ్యములలో 2012 జనవరిలో తీర్పు వచ్చినది. రైతు వినియోగదారుడే యనియు, విత్తన చట్టమున్నంతమాత్రమున వినియోగదారుల న్యాయస్థానమునకు పోరాదను వాదము చెల్లదనియు, పరీక్షకై విత్తనమును దాచియుంచలేదని రైతును తప్పుపట్టుట వాస్తవమునకు దూరమనియు కోర్టు నిర్ణయించినది. ఫిర్యాదునకు గడువు రెండేండ్లు. అయిదు లక్షల రూపాయల విలువవరకు రుసుము లేదు. జిల్లా కమిషను ముందు న్యాయవాది లేకయే రైతు తన మాట తాను చెప్పుకొనవచ్చును. నష్టపరిహారమునకు ఈ మార్గము, శిక్షకు పోలీసు మార్గము. ఒకటి పట్టినందున రెండవది మూసికొనిపోదు.

పోలీసుఠాణాలో నేరము జరిగిన చోటు తమ పరిధి గాదని త్రిప్పి పంపరాదు. 2024 జూలైనుండి అమలులోనున్న భారతీయ నాగరిక సురక్షా సంహితలోని 173వ సెక్షను ప్రకారము ఏ ఠాణాలోనైనను సమాచారమీయవచ్చును; దాని ప్రతిని ఉచితముగా పొందవచ్చును. అధికారి నిరాకరించినచో పోలీసు సూపరింటెండెంటుకు వ్రాయవలెను. అక్కడను పని జరుగనిచో మేజిస్ట్రేటును ఆశ్రయింపవలెను. ఫిర్యాదులో కోపముకంటె కాలక్రమము ముఖ్యము. ఎవరు, ఎన్నడు, ఏమని చెప్పిరి, దానిని నమ్మి ఎంత సొమ్మెట్లు ఇచ్చినాడు, చెప్పినది అబద్ధమని అమ్మినవానికి అప్పుడే తెలియుననుటకు గుర్తేమి అను ప్రశ్నలకు వరుసగా జవాబులుండవలెను. మోసపు సెక్షనులోని అంశములే ఈ ప్రశ్నలు.

డిపాజిట్టు విషయమున 2019 నాటి చట్టము అనుమతి లేని డిపాజిట్టు పథకములనే నిషేధించినది. సంస్థ రిజిస్టరై యున్నదన్నంతమాత్రమున డిపాజిట్లు వసూలు చేయు అనుమతి ఉన్నట్లు గాదు. బ్యాంకు ఇచ్చుదానికి రెట్టింపు ఇత్తుమనువానిని “ఆ రెట్టింపు ఎక్కడనుండి వచ్చును?” అని అడుగవలెను. కొత్తగా చేరినవారి సొమ్ము తప్ప వేరు ఆదాయము చూపలేనివాడు కంకణము చూపిన పులి సోదరుడే.

పాఠశాలల పాత్ర

ఈ వ్యాసమును ఉపాధ్యాయుల నుద్దేశించి వ్రాయుటకు కారణము కలదు. పల్లెలో పొట్లముపై చీటీ చదువగలిగినది తరచుగా ఆ యింటి బడిపిల్లయే. జూన్ మాసమున బడులు తెరచు సమయమును, విత్తనములు కొను సమయమును ఒకటే. విజ్ఞానశాస్త్ర తరగతిలో నూరు పత్తివిత్తనములను తడిగుడ్డలో చుట్టి పండ్రెండు దినములు గమనించి, మొలచినవానిని లెక్కింపుడు. మిరపకు పదునాలుగు దినములు కావలెను. చీటీపై వ్రాసిన శాతముతో పోల్చి చూడుడు. శాస్త్రము, గణితము, పౌరనీతి మూడును ఆ గుడ్డలోనే మొలకెత్తును. అయితే ఈ పరీక్షయొక్క పరిమితినికూడ పిల్లలకు చెప్పవలెను. మొలచినంతమాత్రమున అది చెప్పిన రకమే యని గాని, కాయునని గాని నిశ్చయము లేదు. అందులకు ప్రయోగశాలయు, బిల్లును కావలెను. ఒక ఋజువు ఎంతవరకు ఋజువో తెలిసికొనుటయే శాస్త్రీయ దృష్టి.

పెద్దతరగతుల విద్యార్థులకు మరియొక ముప్పు దాపురించినది. “నీ బ్యాంకు ఖాతాను కొన్నాళ్లు వాడుకొందుము, ఇంత కమీషను ఇత్తుము” అని ఆశ చూపువారు పట్టణముల కాలేజీల చుట్టు తిరుగుచున్నారు. ఎక్కడనో యొక వృద్ధుని బెదరించి లాగిన సొమ్ము ఆ ఖాతాలోనికి వచ్చి పోవును. పోలీసులు ముందుగా తలుపు తట్టునది ఖాతాదారునిదే. ఖాతాను, సిమ్ కార్డును అరువిచ్చుట స్నేహధర్మము గాదు, నేరములో భాగస్వామ్యము. ఫోనులో “డిజిటల్ అరెస్టు” అని బెదరించువారినిగూర్చి 2024 అక్టోబరులో ప్రధానమంత్రియే రేడియోలో హెచ్చరించినారు. అట్టి అరెస్టు మన చట్టములలో ఎక్కడను లేదు. సొమ్ము పోయినచో సిగ్గుపడి జాగు చేయక 1930 అను నంబరునకు తక్షణమే చెప్పినయెడల, ఆ సొమ్ము చేతులు మారకముందే బ్యాంకులు నిలుపుటకు అవకాశముండును. విత్తనపు మోసము నెలలకు బయటపడును; ఫోను మోసము నిమిషములలో ముగియును. మొదటిదానికి కాగితము, రెండవదానికి వేగము రక్షణ.

నమ్మకమును మానుకొనుమని పిల్లలకు బోధించుట పరిష్కారము గాదు. విత్తనమును నమ్మక వ్యవసాయము లేదు. తూకమును నమ్మక బజారు లేదు. గురువును నమ్మక చదువు లేదు. నమ్ముటకుముందు చూపుమని అడుగుట అవమానము గాదనియు, అడిగినచో కోపించువానియొద్ద కొనరాదనియు నేర్పవలెను. నిజాయితీగల వర్తకుడు బిల్లడిగినందుకు నొచ్చుకొనడు. అతనికిని నకిలీ సరుకువాడే శత్రువు.

అన్నిటికంటె ముందు మన వాక్యమును దిద్దుకొందము. ఇకమీదట నకిలీ విత్తనముతో ఒక రైతు తోట పోయినపుడు “పాపము, మోసపోయినాడు” అని ఊరకుండక, “అతనిని ఎవరు మోసగించినారు?” అని అడుగుదము. వాక్యములోనికి కర్త వచ్చిననాడు గాని కోర్టులోనికి ముద్దాయి రాడు. ఈ చిన్న వ్యాకరణమును నేర్పుటకు మన బడిపంతుళ్లకంటె తగినవారెవ్వరు?